అక్క తోటలో బ్యాటరీ సోల్డరింగ్

హోసూరు ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్లు సర్క్యూట్ బోర్డులకు సోల్డరింగ్ చేశాను. మానేశాక ధర్మపురి పక్కన సోగత్తూరులో మా ఇంటి వరండాలోనే ఫోన్లు, మిక్సీలు బాగుచేస్తున్నాను. నిరుడు పెన్నంత ఉండే బ్యాటరీ సోల్డరింగ్ ఐరన్ ఒకటి కొన్నాను. ప్లగ్గుతో పనిలేదు, క్షణాల్లో కాగుతుంది. కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నట్టు, కరెంటుతో నడిచే పాతది అటక ఎక్కింది.

మారండహళ్ళి పక్కన మా అక్క అర ఎకరంలో తక్కాళి వేసింది. టమాటాను మేము అలాగే అంటాం. రెండు రోజులు ముసురు పట్టి ఆకుల మీద మచ్చలు లేచాయి. మూడో రోజు ఎండ కాసింది. ఆ పూటే మందు కొట్టకపోతే తోట దక్కదు. సరిగ్గా అప్పుడే స్ప్రేయర్‌లో బ్యాటరీ వైరు ఊడింది. అందరూ మందు కొట్టుకుంటున్న రోజు, అడిగితే ఇచ్చేవాళ్లు లేరు. పైగా అది మరమ్మతుల కోసం నెలకొకసారి పొద్దంతా కరెంటు ఆపే రోజు. అక్క నాకే ఫోన్ చేసింది.

బస్సులో ఆ పెన్నును తీసి చూసుకుని మురిసిపోయాను, దాచడమెందుకు. గట్టు మీద కూర్చుని అతికాను. వైరు లావు, దాన్ని అతికే బ్యాటరీ బిళ్ల వెడల్పు. వేడినంతా అవే తాగేశాయి. సీసం పైపైన పరుచుకుంది గానీ లోపల పట్టలేదు. ఒక్కసారి లాగి చూసుంటే తెలిసేది. ఫ్యాక్టరీలో అతికే మనిషి లాగదు. లాగి చూడడం పక్క సీటు మనిషి పని. తొమ్మిదేళ్ల అలవాటు, అతకగానే నా చేయి వెనక్కి వచ్చేసింది.

నేను తిరుగు బస్సెక్కాక, నాలుగు సాళ్లు కొట్టేసరికి మిషను ఆగిపోయిందట. చార్జి అయిపోయిందనుకుని అక్క కరెంటు కోసం కాచుకుంది. కరెంటుకన్నా ముందు వాన వచ్చింది. వారం తర్వాత పోయి మిషను విప్పితే నా అతుకు ఊడి ఉంది. తోటలో ఆ నాలుగు సాళ్లే పచ్చగా మిగిలాయి. సిగ్గుతో తలెత్తలేకపోయాను. అక్క ఆ సాళ్లలోనే కాయలు ఏరి నా సంచిలో పోసింది.

పాతదాని పని బ్యాటరీది చేస్తుందా అని ఫ్యాక్టరీ స్నేహితులు అడుగుతుంటారు. ఫోను బోర్డుకు చాలు, లావు వైరుకు చాలదు అంటాను. లాగి చూడని సంగతి మాత్రం చెప్పను.

మొన్న అక్క ఇంటికి పోతే స్ప్రేయర్ మూలన కనబడింది. ఎలా ఉందో చూద్దామని దగ్గరికి జరుపుకున్నాను.

"దాన్ని ముట్టొద్దులే. మళ్ళా చెడిపోయింటే అంగడిలో ఇచ్చి చేయించినాను. అంత దూరం నుంచి నిన్నెందుకు తిప్పేది," అంది అక్క.

ధర్మపురి నుంచి మారండహళ్ళికి ఒక్క బస్సెక్కితే చాలు. ఇన్నేళ్లలో అక్క నోట దూరమనే మాట నేను వినలేదు.