దీపావళి బట్టలకు బదులు రంపం

నా చిన్నప్పుడు, ఐదో తరగతి చదివే ఏడాది, దీపావళికి కొత్త బట్టలు వద్దు, రంపం కొనిపెట్టమని మా నాన్నను అడిగాను. "బట్టలు మానేసి రంపం ఏటిరా?" అంది అమ్మ. నాకు అప్పటికే ప్రతిదీ రాసుకునే అలవాటు. నోటు పుస్తకంలో మూడు కారణాలు చూపించాను: సీమ ఉక్కు, నున్నటి పిడి, చాలాకాలం మన్నుతుందని రంపం అట్టపెట్టె మీద ఉన్న మాట. నాన్న నవ్వి, పాతూర్లో సాయిబు గారి ఇనప సామాన్ల కొట్టుకి తీసుకెళ్ళాడు. రంపం ఖరీదైనదే. చెక్కకు తగలకుండా ఉంటే సోమవారం లోగా వెనక్కి తీసుకుంటానని సాయిబు గారు మాటిచ్చారు.

శనివారం మా వీధి పిల్లల కొత్త చొక్కాలు చూశాక నా మూడు కారణాల మీద నాకే నమ్మకం సడలింది. రంపం ఉంచుకోవాలా, ఇచ్చేసి చొక్కా కొనుక్కోవాలా?

మా తాతయ్య ఫిషింగ్ హార్బర్‌లో పడవలు బాగుచేసే వడ్రంగి. ఆయన రంపం అరిగి అరిగి సగం వెడల్పే మిగిలింది. ఆదివారం పొద్దున్నే వెళ్ళి, నా రంపానికి అంత డబ్బు పెట్టడం దండగో కాదో చెప్పమన్నాను. ఆయన పడవ అడుగు నుంచి ఊడదీసిన తడి పలకొకటి నా ముందు పెట్టి, కొయ్యమన్నాడు.

నాలుగు వేళ్ళ లోతు వెళ్ళాక రంపం బిగుసుకుపోయింది. ముందుకీ రాదు, వెనక్కీ రాదు. పక్కన వల బాగుచేసుకుంటున్న ఆయన, "బావా, నీ మనవడు రంపాన్ని పాతేసినాడు, నీళ్ళు పొయ్యి, మొలుత్తాది" అన్నాడు. తాతయ్య పాత రంపం మాత్రం అదే పలకలో హాయిగా దిగిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు సాయిబు గారి మాట. కళ్ళనీళ్ళు తిరిగాయి. చొక్కా పోయింది, రంపమూ పనికిరాలేదు.

"ఇంక కొట్టోడు తీసుకోడు. ఇప్పుడు నేర్సుకో," అన్నాడు తాతయ్య తాపీగా. సాయిబు గారి షరతు ఆయనకు ముందే తెలుసని నాన్న తర్వాత చెప్పాడు.

తడి చెక్క ఉబ్బి రంపాన్ని నొక్కేస్తుందట. అందుకని కోత వెడల్పయ్యేలా ఒక పన్ను కుడికి, తర్వాతి పన్ను ఎడమకి రవ్వంత వంచి, ఆకురాయితో పదును పెట్టాలి. సగం పళ్ళు ఆయన చేశాడు, సగం నాతో చేయించాడు. మధ్యాహ్నం దాకా ఇద్దరం పలకలు కోశాం. ఆయన రంపానికి మూడుసార్లు ఆకురాయి పట్టాల్సి వచ్చింది, నాదానికి ఒక్కసారే. ఆ లెక్క రాసుకుని, చదువు రాని ఆయనకు చదివి వినిపించాను.

"సరుకు మంచిదేరా. పళ్ళకి పదునెట్టడం రానోడికి దండగ," అన్నాడు. ఆ తర్వాత తన రంపం నాకిచ్చి, సాయంత్రం దాకా నా రంపంతోనే పని చేసుకున్నాడు.

ఆ దీపావళికి పాత చొక్కాతోనే టపాసులు కాల్చాను. కొత్త చొక్కా ఏదని ఎవరైనా అడిగితే రంపం తెచ్చి చూపించాను.

ఇప్పుడు నేనొక వర్క్‌షాపు చూసుకుంటున్నాను. ఖరీదైన మిషన్లు కావాలని కుర్రాళ్ళు పొడవాటి జాబితాలు తెస్తారు. అన్నీ చదివి, దీనికి పదును పెట్టడం ఎవరికి వచ్చని అడుగుతాను. ఒక్క పేరైనా చెబితేనే సంతకం. పెన్ను కోసం సొరుగు లాగినప్పుడల్లా ముందు చేతికి తగిలేది తాతయ్య ఆకురాయి.