బాబాయి ఎంచిన పికప్

మొన్న మా అమ్మాయి గిటారుకు కొత్త పికప్ వేయిద్దామని మార్కాపురంలో రేడియోలు, టీవీలు బాగుచేసే దుకాణానికి పోతే, సీసం కరిగే వాసన గుప్పున ముక్కుకు తగిలింది. పికప్ అంటే గిటారు తీగల కింద బిగించే చిన్న అయస్కాంతపు ముక్క. వెంట్రుకంత సన్నటి రాగితీగ దానికి చుట్టి ఉంటుంది, తీగల పలుకును పట్టి యాంప్లిఫైయరుకు అందించేది అదే. ఆ వాసనతో నేను మళ్లీ గిద్దలూరులో మా వసారాలో గౌను వేసుకుని కూర్చున్నట్టయింది.

ఎండాకాలం వస్తే ఆ వసారా నిండా చింతపండు పులుపే. నాయనమ్మ కాళ్లు చాపుకుని చింతకాయలు కొడుతుంటే, మేము పిక్కలు ఏరుకుని వామనగుంటలు ఆడుకునేవాళ్లం. మధ్యాహ్నం కొర్రన్నంలోకి పచ్చిపులుసు, కాల్చిన ఎండుమిరపకాయ. పొద్దుగూకే వేళకు వాకిట్లో నీళ్లు చల్లితే లేచే మట్టి వాసన. అప్పటికి మా బట్టల దుకాణం కట్టేసి నాయన, బాబాయి ఇల్లు చేరేవాళ్లు. నాయనకు వ్యాపారం తప్ప వేరే ధ్యాస లేదు. బాబాయి మాత్రం బేరాలు లేనప్పుడు గజంబద్దను ఒళ్లో అడ్డంగా పెట్టుకుని దానిమీదే వేళ్లు ఆడిస్తుండేవాడు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటానే, పెచ్చులూడిన తన ఎర్ర గిటారు తీసేవాడు, పక్కన కూర్చుని నేను పాడేదాన్ని. నాది సన్నటి గొంతు. "ఏందిరా ఆ మోత, పిల్ల పాడేది ఇనపడ్డంలా" అని నాయనమ్మ విసుక్కునేది.

ఆ ఏడు శ్రీరామనవమి పందిట్లో బాబాయి, ఆయన స్నేహితులు కలిసి పాటకచేరీ పెట్టుకున్నారు. నన్నూ ఒక రాముడి పాట పాడమన్నారు. తీరా పండగ దగ్గరపడినాక గిటారు మూగబోయింది. పికప్ లోపల రాగితీగ తెగింది, అతికేది కాదు, వేరేది తెచ్చుకోవాల్సిందేనని రేడియో బాగుచేసే ఆయన చెప్పినాడు. హార్మోనియంతో కానిచ్చుకోమన్నాడు నాయన. బాబాయి కంచంలో అన్నం అట్లనే వదిలేసినాడు. అది చూసి మర్నాడు నాయనే, మన దుకాణానికి గుంటూరు నుంచి సరుకు తేవాల్సి ఉంది, నువ్వే పోయి రా, పిల్లను కూడా తీసుకుపో అన్నాడు.

కంభం, దొనకొండ, వినుకొండ దాటుకుంటూ, ప్రతి స్టేషన్లో ఏదో ఒకటి కొనుక్కుని తింటూ పోయినాం. గుంటూరులో సంగీత వాయిద్యాల దుకాణంలో ఒక్కో రకం పికప్ బిగించిన గిటార్లు వరసగా వేలాడుతుండె. విదేశీదాని ధర వినగానే బాబాయి దాన్ని నెమ్మదిగా కింద పెట్టినాడు. మాకు అందుబాటులో ఉన్నవి రెండే. మొదటిది ఖంగుమని పలికింది; వాయిస్తుంటే బాబాయి ముఖం విచ్చుకుంది. పందిట్లో చివరి మనిషి దాకా వినపడుతుంది, అదే తీసుకోండని దుకాణదారు కూడా అన్నాడు. రెండోది మెత్తగా, ఎవరో పక్కగదిలో మాట్లాడుతున్నట్టుంది.

బాబాయి నా వైపు తిరిగి, పాట అందుకోమన్నాడు. సిగ్గుపడుతూనే పాడినాను. మొదటి గిటారుతో పాడుతుంటే నా గొంతు నాకే వినపడలేదు. రెండోదానితో పాడుతుంటే, దుకాణంలో తీగలు సరిచూసుకుంటున్న మనిషి తలెత్తి నా వైపు చూసినాడు. బాబాయి మొదటిదాన్ని ఇంకొక్కసారి ఒళ్లోకి తీసుకుని, కళ్లు మూసుకుని కాసేపు వాయించుకుని, మళ్లీ కొక్కేనికి తగిలించినాడు.

"ఆ మెత్తటిదే ఇవ్వండి. మా పిల్ల గొంతును తొక్కదు" అన్నాడు.

తిరుగు రైల్లో నేను ఊరుకోలేక అడిగినాను. "నీకు మొదటిదే బాగుండె గదా బాబాయ్?"

"రెండూ బాగుండాయిలే పాపా" అని నా గుప్పిట్లో వేరుశనక్కాయలు పోసినాడు. అప్పుడు ఆ మాట నమ్మినాను. మర్నాడు రేడియో బాగుచేసే ఆయన మా వసారాలోనే కూర్చుని, సీసం కరిగించి ఆ పికప్‌ను ఎర్ర గిటారుకు అతికినాడు.

నవమినాడు పచ్చి కొబ్బరాకుల పందిట్లో, మిరియాల పానకం ఘాటు ఇంకా గొంతులో ఉండగానే పాడినాను. ముందు వరసలో విసనకర్రలు ఆగిపోయినాయి. నాయన దుకాణం కట్టేసి వచ్చి వెనక నిలబడి పాటంతా విన్నాడు. అయిపోయినాక ఒక గ్లాసు పానకం తానే తీసుకుపోయి బాబాయి చేతికిచ్చినాడు.

ఇప్పుడు నాయన లేడు, బాబాయీ లేడు. ఆ ఎర్ర గిటారు ఎవరి చేతికి పోయిందో ఎవరూ చెప్పలేకపోయినారు. వసారా కొట్టేసి షట్టర్ల గదులు కట్టినారు. నవమి పందిట్లో డీజే పెట్టెలు మోగుతున్నాయి.

మార్కాపురం దుకాణంలో మా అమ్మాయి ఫోన్లో అక్కడ దొరికే తక్కువ ధర పికప్‌ల పలుకులు ఒక్కొక్కటే వినిపించి, ఏది బాగుందమ్మా అనడిగింది. పక్కన ఎవరు పాడతారని అడిగినాను.

"ఎవరూ పాడరమ్మా. హెడ్‌ఫోన్ పెట్టుకుని నేనొక్కదాన్నే వాయించుకుంటా."

అయితే నీకు నచ్చిందే వేయించుకో అన్నాను. ఆ సాయంత్రం తను గదిలో కూర్చుని తల ఊపుకుంటూ, కళ్లు మూసుకుని వాయిస్తూ ఉంది. గుమ్మంలో నిలబడిన నాకు తీగల మీద గోరు గీసుకునే చప్పుడు మాత్రం వినపడింది.