సైడుకారులో కుల్యాష్

సగిందిక్ పశువుల డాక్టరు కాదు. డాక్టరు పట్నంలో ఉంటాడు. సూదిమందు పెట్టె పట్టుకుని ఊళ్లు తిరిగే కాంపౌండరు సగిందిక్. కెగెన్ ఊరి చుట్టుపక్కల ఏ గొర్రె దగ్గినా, ఏ గుర్రం కుంటినా ముందు వినపడేది అతని మోటార్‌సైకిల్ చప్పుడే. పక్కన తొట్టిలాంటి సైడుకారు ఉన్న సోవియట్ కాలపు బండి అది. రెండు కొండల అవతలి నుంచే వినపడేది కాబట్టి అతను చేరేసరికి గొర్రెను ఒడిసి పట్టుకుని సిద్ధంగా ఉండేవాళ్లు. సైడుకారులో మందుల పెట్టె ఉండేది. పెట్టె లేని రోజున అతని భార్య కుల్యాష్ ఉండేది.

పెళ్లిళ్లకీ, చావులకీ, ఆదివారం సంతకీ ఒళ్లో టీ ఫ్లాస్కు పెట్టుకుని ముప్పయ్యొక్క ఏళ్లు ఆమె అందులోనే తిరిగింది. దారిలో నోరు మెదపదని సగిందిక్‌కి గట్టి నమ్మకం. "మా ఆవిడ మూడు గంటల ప్రయాణంలో మూడు మాటలాడదు" అని స్నేహితుల దగ్గర చెప్పుకుని మురిసిపోయేవాడు. విన్నవాళ్లు కుళ్లుకునేవాళ్లు.

రిటైరైన ఏడాది అతనికి పాత మాటొకటి గుర్తొచ్చింది. పెళ్లయిన కొత్తలో కుల్యాష్‌కి సముద్రం చూపిస్తానన్నాడు. సముద్రం అక్తౌ అనే ఊళ్లో ఉంది. అదేమో దేశానికి ఆ చివర, మూడు వేల కిలోమీటర్ల దూరాన ఉంది. పాత బండి అల్మాతీ పట్నం వెళ్లడానికే దారిలో రెండుసార్లు చల్లారాలి. అందుకని నాలుగు గుర్రాలను అమ్మేసి, పాత బండిని కూడా ఇచ్చేసి, దూరప్రయాణాల కోసమే చేసిన కొత్త బండి కొందామని అల్మాతీ వెళ్లాడు.

"అన్నా, ఇది నడుస్తుందా?" అన్నాడు షాపులో ఎర్నార్ అనే సేల్స్‌మన్, పాత బండిని చూసి.

"దీని మీదే గదా వచ్చింది! నీకు చెవుడా?"

"కోప్పడకన్నా. ఒక కాఫీ హోటల్ వాళ్లు ఇలాంటిదే అడుగుతున్నారు. గుమ్మం ముందు పెట్టుకుంటారట."

సగిందిక్‌కి ప్రాణం ఉసూరుమంది. వాళ్ల వైపు పశువును అమ్మేవాడు దాని మూతి తడిని చొక్కా అంచుతో తుడుచుకోనిదే పలుపు ఎవరి చేతికీ ఇవ్వడు. లేకపోతే ఇంటి కలిమి పశువు వెంట వెళ్లిపోతుంది మరి. అయితే మోటార్‌సైకిలుకు మూతి ఎక్కడుంటుందో పెద్దలెవరూ చెప్పి ఉండలేదు. అతను బండి చుట్టూ తిరిగి, హెడ్‌లైటు కిందికి వంగి చూసి, చివరికి ఇంజను దగ్గర నూనె కారే చోటును చొక్కా అంచుతో తుడిచాడు. ఎర్నార్ మర్యాదగా గోడవైపు తిరిగి నిలబడ్డాడు. వాళ్ల తాత ఆవునమ్మినప్పుడు ఇంట్లో అందరూ అలాగే నిలబడేవాళ్లు.

కొత్త బండి ఊళ్లోకి వచ్చింది. చప్పుడు లేకపోవడంతో కుక్కలు కూడా ఆలస్యంగా మొరిగాయి. పక్కింటి ఒరిన్‌కుల్ అవ్వ శుభమని దాని మీద గుప్పిళ్లతో చాక్లెట్లూ, ఎండిన పెరుగు ఉండలూ చల్లింది. ఒక ఉండ ముందద్దానికి టక్కున తగిలింది. ఉండకేమీ కాలేదు.

కుల్యాష్ పిండి చేతులతో బయటికొచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగింది. మళ్లీ తిరిగింది.

"ఏమండీ, నేనెక్కడ కూర్చోవాలి?"

"వెనకాల. చూడు, ఎంత మెత్తగా ఉందో. వీపుకి దన్ను కూడా ఉంది."

"పడిపోకుండా ఏం పట్టుకోవాలి?"

"నన్ను పట్టుకో."

అవ్వ మిగిలిన చాక్లెట్లు జేబులో వేసుకుని ఆకాశం కేసి చూసింది. కుల్యాష్ ఇద్దరు కోడళ్లున్న మనిషి. నలుగురి ముందు మొగుడి మోచెయ్యి తాకి ఎరగదు. అలాంటిది పట్టపగలు, ఊరి నడిమధ్య నుంచి, అతని నడుం చుట్టూ చేతులేసుకుని పోవడమే?

"చొక్కాకి ఆ మరకేంటి?" అంది కుల్యాష్.

"పాత బండిది. కలిమి పోకూడదని తుడుచుకొచ్చాను."

"దాని నూనె గుర్తుంది. నా చోటు మాత్రం గుర్తులేదు. సముద్రానికి మీరే వెళ్లి రండి. నాకో సీసాలో పట్టుకు రండి చాలు."

మర్నాడు సగిందిక్ ఎర్నార్‌కి ఫోన్ చేసి కాఫీ హోటల్ వాళ్లు సైడుకారు మాత్రం తిరిగిస్తారేమో కనుక్కోమన్నాడు.

"అందులో పూలమొక్కలు నాటేశారన్నా. బాగా పట్టుకున్నాయట."

ఆ తర్వాత మూడు రోజులు సగిందిక్ మాంసం నమల్తున్నా గడ్డి నమిలినట్టే ఉంది. సముద్రం అతనికేం చుట్టం కాదు. కుల్యాష్ చూడని సముద్రం తానొక్కడూ చూసి ఏం చేసుకోవాలి? నాలుగో రోజు బండి అమ్మేస్తానన్నాడు.

కుల్యాష్ రొట్టెలు వేయిస్తూ వెనక్కి తిరగకుండానే అంది. "రేపు పొద్దున ఊరవతల వంతెన దగ్గర ఉండండి. నేను దూడని తోలుకుంటూ వస్తాను."

"దూడెందుకు?"

"ఎక్కడికని అవ్వ అడిగితే ఏం చెప్పను?"

చెప్పినట్టే దూడని తోలుకుంటూ, చంకలో మూటతో వచ్చింది. వంతెన దాటాక దూడ వీపు మీద ఒక్కటిచ్చింది. అది ఇంటిదారి పట్టింది. సగిందిక్ ఆమె తలకి హెల్మెట్ తొడిగాడు. రెండు హెల్మెట్లకీ ఒకరి మాట ఒకరికి వినపడే ఏర్పాటుందని ఎర్నార్ చెప్పాడు గానీ, మాట్లాడని మనిషికి అదెందుకని అతను పెద్దగా పట్టించుకోలేదు. కుల్యాష్ దారికి రెండు వైపులా చూసుకుని, ఎక్కి, అతని కోటును రెండు వేళ్లతో పట్టుకుంది.

కిలోమీటరు పోగానే అతని చెవిలో ఎవరో మాట్లాడారు.

"ఈ ఏడు గడ్డి పల్చగా ఉంది. ఆ మలుపు దగ్గరి ఇంటివాళ్లు కప్పు మార్చారు చూశారా, రంగేం బాలేదు..."

"ఎవరితో మాట్లాడుతున్నావు?"

"మీతోనే. ఇంకెవరున్నారు?"

"ఎప్పుడూ మాట్లాడవు కదా!"

"ఎందుకు మాట్లాడను? ముప్పయ్యొక్క ఏళ్లుగా మాట్లాడుతూనే ఉన్నాను. మీరు తల ఊపేవారు."

ఆ బండి మీద, ఆ గుంతల్లో, ఎవరి తలైనా ఊగుతుంది.

"దేనికి ఊపాను?" అన్నాడు మెల్లిగా.

"చాలావాటికి. ఎర్రావుని మా తమ్ముడికిద్దామా అంటే ఊపారు. ఇచ్చేశాను."

ఎర్రావు తప్పిపోయిందని అతను రెండు వారాలు కొండలన్నీ గాలించాడు.

"ఇంకా?"



"కెగెన్ లైబ్రరీలో ఉద్యోగమిస్తామన్నారు. పెద్దాడు బడికి వెళ్లడం మొదలెట్టిన ఏడు. చేరమంటారా అనడిగాను. మీరు అడ్డంగా ఊపారు."

అలాంటి ఉద్యోగమొకటి ఉన్నట్టే అతనికి తెలీదు. ఆ రోజు ముఖం మీద ఈగ వాలిందో, చెవిలో దుమ్ము పడిందో.

"మరి ఇంటికొచ్చాక అడగలేదేం?"

"ఒకసారి వద్దన్నాక మళ్లీ ఏం అడుగుతాను? ఆ రాత్రి కొంచెం ఏడ్చాను."

సగిందిక్‌కి తల కొట్టేసినట్టయింది. బండి పక్కకి తీసి ఆపి, హెల్మెట్ తీసి, వెనక్కి తిరిగి ఆమె ముఖంలోకి చూశాడు.

"ఇంకా వేటికి వద్దన్నాను?"

ఎదురుగా లారీ వస్తోంది. కెగెన్ లారీయే, డ్రైవరు తెలిసినవాడే. అయినా కుల్యాష్ రెండు చేతులూ చాపి అతని నడుం చుట్టూ గట్టిగా పట్టుకుంది.

"సముద్రం దాకా ఒక్కొక్కటే చెబుతాను," అంది. "పోనివ్వండి."