మా అమ్మ పేలాల పెట్టె

మొన్న మా మధురవాడ అపార్టుమెంటులో ఎదురింటి కొత్త కోడలు మైక్రోవేవ్‌లో పాప్‌కార్న్ ప్యాకెట్ పెట్టి ఫోనులో పడిపోయింది. లిఫ్టు దాకా మాడు వాసన. కిటికీలు తెరుస్తూ, ఏడుపు మొహంతో, "ప్యాకెట్ మీద రాసినట్టే పెట్టానండి ఆంటీ" అంది. రాసింది చదివావు సరే, చెవులేం చేశాయమ్మా అన్నాను. కాస్త కటువుగానే అన్నాను. పేలాల విషయంలో నాకు మెత్తగా మాట్లాడడం చేతకాదు. మా ఇంట్లో వాటి కోసం పెద్ద యుద్ధమే జరిగింది మరి.

తొంభైల చివర్లో సంగతి. మా నాన్న పోర్టులో గుమాస్తా. అమ్మ పుట్టిల్లు సముద్రం ఒడ్డున, తరతరాలుగా చేపల వేటకెళ్ళే ఇల్లు. అమ్మకి సంతకం నేర్పింది నాన్నే. ఆ ముక్క ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ కాఫీతో పాటు అందించేవాడు. అమ్మ తమ్ముడు, అంటే మా మావ, ఓడల్లో వంటవాడు. ఓసారి ఓడ దిగి వస్తూ ఒక మైక్రోవేవ్ మోసుకొచ్చి, "అక్కా, ఇది నీకే" అని వంటింటి గట్టు మీద పెట్టాడు. వీధి వీధంతా వచ్చి చూసింది. మళ్ళీ ఓడెక్కేలోపు మావ చేసి చూపించింది ఒక్కటే, మొక్కజొన్న పేలాలు. గాజు గిన్నెలో అడుగు పరుచుకునేన్ని గింజలు, వాటికి పట్టేంత నూనె, పైన పళ్ళెం మూత. అంతే.

నాన్నకది మింగుడు పడలేదు. చదువురాని ఇల్లాలి చేతికి అంత మిషనెందుకని ఆయన బాధ. దానికి తోడు గోపాలపట్నం నుంచి మా మేనత్త, నాన్నకి అక్క, ఊడిపడింది. పెట్టె చుట్టూ తిరిగి చూసి, "దీన్ని మా ఇంటికి పంపించీరా తమ్ముడూ. మా కోడలు డిగ్రీ సదివింది. ఇక్కడుంటే పాడైపోద్ది" అంది. నాన్న తలూపాడు. ఆదివారం ఆటో తీసుకొస్తానని చెప్పి అత్త వెళ్ళిపోయింది. అమ్మ అక్కడే నిలబడి ఉంది. ఆవిణ్ణి ఒక్కరూ అడగలేదు. అది తలుచుకుంటే నాకు ఈనాటికీ ఒళ్ళు మండుతుంది.

అమ్మ ఏడవలేదు, అలగలేదు. "నా తమ్ముడు నాకిచ్చిన పెట్టి ఇది. నాకు సేతకాదన్నోల్లకి సేసి పెడతాను. తిని అప్పుడు మాటాడమను" అని నాతో చెప్పి, సంచీ పట్టుకుని పూర్ణా మార్కెట్‌కి బయల్దేరింది. పేలాల గింజలు తెచ్చింది. తెచ్చి, మా అమ్మవైపు వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని పని చేసింది. వాళ్ళకి ఎండే దేవుడు. వడియం పొంగాలన్నా, అప్పడం విప్పారాలన్నా, చేప నిలవుండాలన్నా ముందు ఎండాలి. కాబట్టి గుడ్డ మీద పట్టని ఓ పిడికెడు పొట్లంలోనే వదిలేసి తక్కిన గింజలన్నీ డాబా మీద, ఎండబెట్టిన నెత్తళ్ళ చేపల పక్కనే పరిచి ఆరబోసింది. రోజూ కర్ర పట్టుకుని కాకుల్ని తోలింది. గింజలు చేతిలో గలగలమంటుంటే ఆవిడ మొహంలో వెలుగు చూడాలి!

శనివారం సాయంత్రం పరీక్షగా ఓ వాయి వేసింది. నాలుగో ఐదో పేలాయి. మిగతావి రాళ్ళలా అడుగునే ఉండిపోయాయి. పేలిన వాటికి నెత్తళ్ళ వాసన. అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన నాన్న ఒకటి నోట్లో వేసుకుని, "ఏటే, పేలాలు పులుసెట్టినావేటి?" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. "రేపు అక్కొత్తాది. పెట్టి తుడిసి ఉంచు" అన్నాడు. నాన్న చెడ్డవాడేం కాదు. కానీ ఆ నవ్వుని మాత్రం నేను క్షమించలేదు, క్షమించను కూడా.

అమ్మ ఆ రాళ్ళన్నీ చేటలోకి వంపింది. తర్వాత ఏం తోచిందో, పొట్లంలో వదిలేసిన పిడికెడూ తీసి పెట్టెలో పెట్టింది. పటపటమని దాదాపు అన్నీ పేలాయి! అమ్మ ఒక ఎండిన గింజని పంటికింద కొరికి చూసి, "లోన తడుంటేనే పేలతాదే. ఎండబెట్టి నానే సంపీసినాను" అంది. మర్నాడు పొద్దున్నే మార్కెట్‌కి పోయి కొత్త గింజలు తెచ్చింది. ఈసారి వాటికి కిటికీ ఎండ కూడా తగలనివ్వలేదు.

అత్త రానే వచ్చింది. కింద ఆటో ఆగి ఉంది. "కూకో వదినా, సిటికెలో అయిపోద్ది" అని అమ్మ గిన్నె లోపల పెట్టి, పెట్టె దగ్గర చెవి ఒగ్గి నిలబడింది. మొదట ఒకటీ అరా, తర్వాత జడివాన, ఆ తర్వాత మెల్లగా తెరిపి. ఒక పేలుడికీ ఇంకో పేలుడికీ మధ్య ఊపిరి పీల్చుకునేంత సందు రాగానే టక్కున ఆపేసింది. ఆవిరి మొహాన కొట్టకుండా పళ్ళేన్ని అవతలి వైపు నుంచి ఎత్తి, రోట్లో మెత్తగా నూరిన ఉప్పూ కారం చల్లి కుదిపింది. మల్లెపూల రాశి! అత్త ఒకటి తీసుకుంది, తర్వాత గుప్పెడు తీసుకుంది. నాన్న నిలబడే తింటున్నాడు.

కింద ఆటో హారన్ కొట్టింది. అమ్మ కాగితం పొట్లంలో పేలాలు పోసి, తనే మెట్లు దిగి ఆటో అతనికిచ్చింది. "నువ్వెలిపో బాబూ. ఈ ఇంట్లోంచి సామానేటీ కదల్దు" అంది, పైకి వినపడేలా. పైకొచ్చి అత్త పక్కన కూర్చుంది. "అన్నం తినెల్దువుగాని వదినా. పేలాలు ఎప్పుడడిగినా సేసి పంపిత్తాను. పెట్టి మాత్రం నాది." నాన్న ఏదో అనబోయాడు గానీ నోటినిండా పేలాలే.

ఆ పెట్టె చాలా ఏళ్ళు పనిచేసింది. ఆ తర్వాత ఇంట్లోకి ఏ కొత్త సామానొచ్చినా నాన్న ముందు అమ్మ మొహం చూసేవాడు. కాలమే అన్నీ మారుస్తుందని పెద్దవాళ్ళు అంటుంటారు గానీ, నేను నమ్మను. దాని మానాన అది పోతూ ఉంటుంది. ఎవరో ఒకరు అడ్డంగా నిలబడి ఇది నాది అని గట్టిగా అన్న రోజునే, అది కాస్త పక్కకి తిరుగుతుంది.