కారులో విరిగిన పాల వాసన

ఉద్యోగమంతా బస్సులో నిలబడి ప్రయాణం చేసిన మనిషి ఆమె. కండక్టరు. డ్రైవరుకు "రైట్ రైట్" అని చెప్పీ చెప్పీ చివరికి ఆ మాటే ఆమెకు పేరైపోయింది. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె రైట్‌రైట్ అక్కే.

రిటైరైన ఏడాదే ఆమె కారు నడపడం నేర్చుకుంది. నేర్పినతను మొదటి వారమంతా తన వైపున్న బ్రేకు మీంచి కాలు తియ్యలేదట. లైసెన్సు చేతికొచ్చిన మర్నాడే, ఒక బేకరీ యజమాని దగ్గర పాత కారు బేరమాడి కొనేసింది. "ఇన్నేళ్లూ జనాన్ని కూర్చోబెట్టాను. ఇక నేను కూర్చుంటాను" అంది మొగుడితో.

కొన్నది చల్లటి ఉదయం పూట. అద్దం దగ్గర సెంటు సీసా ఒకటి వేలాడుతోంది. మధ్యాహ్నం ఎండకు సీట్లు వేడెక్కేసరికి సెంటు ఓడిపోయి, దాని వెనక నక్కి ఉన్నది బయటికొచ్చింది. విరిగిన పాల వాసన. బేకరీకి పాలూ మీగడా మోసిన బండి కదా, ఎప్పుడో ఏ క్యానో ఒలికి ఉంటుంది.

ఆమె భర్త దర్జీ. ఇంటి ముందుగదే ఆయన కొట్టు. అసలే కారెక్కితే కడుపులో తిప్పే మనిషి, పైగా ఏ వాసననైనా ఇట్టే పసిగట్టే ముక్కు. పెళ్లాం ముచ్చట కాదనలేక ఎక్కాడు గానీ, బండి వీధి మలుపు తిరగకముందే తలుపు తీసుకుని దిగిపోయాడు.

"ఏమోయ్, ఇది కారా, తోమని పాలగిన్నెనా?"

"కాస్త ఓర్చుకోండి. గాలి తగిలితే పోతుంది."

"గాలి తగిలితే అది పోదు, ఈలోగా నేను పోతాను" అని నడుచుకుంటూ ఇంటికెళ్లిపోయాడు.

ఆమె బేకరీ ఆయనకు ఫోన్ చేసింది. "వాసనా? నాకెప్పుడూ రాలేదే అమ్మా!" అన్నాడు ఆయన. నిజమే చెప్పి ఉంటాడు. రోజూ అందులోనే తిరిగిన ముక్కుకు ఏం తెలుస్తుంది?

ఆ వారం ఆమె చెయ్యని పని లేదు. సీట్ల మీద వంటసోడా చల్లి, రాత్రంతా ఉంచి దులిపింది. రెండు పూటలు బాగానే ఉంది, ఎండెక్కగానే మళ్లీ మొదటికొచ్చింది. కార్లు కడిగే షెడ్డుకు తీసుకెళితే, అక్కడివాడు సీట్లన్నీ ఊడదీసి కడగాలన్నాడు. వాడు చెప్పిన రేటు విని ఆమెకు నవ్వొచ్చింది. ఆ డబ్బుతో సీట్లు కడిగే మిషనే కొనుక్కోవచ్చు. మిషనుంటే ఈసారికే కాదు, రేపు ఇంకేదైనా ఒలికినా తనే చూసుకోవచ్చు. అదీగాక తన బండిని ఎవరి చేతిలోనో పెట్టి బెంచీ మీద కూర్చోవడం ఆమె ఒంటికి పడేది కాదు.

సామాన్ల దుకాణంలో కుర్చీ చూపించినా కూర్చోలేదు. అమ్మకం కుర్రాడు ముందుగా ఆవిరి మిషను తీశాడు. చూడ్డానికి బాగుంది. బుస్సుమని పొగ చిమ్ముతుంటే దుకాణంలో ఉన్నవాళ్లంతా ఇటు తిరిగి చూశారు.

"బాగుంది నాయనా. మురికి కరుగుతుంది సరే, కరిగాక ఎక్కడికి పోతుంది?"

"గుడ్డతో తుడుచుకోవాలమ్మా."

"మరి సీటు లోపలికి దిగిందో?"

కుర్రాడు ఒక్క క్షణం ఆలోచించి, "దానికి పీల్చేది కావాలమ్మా" అని రెండోది తెచ్చాడు. కారులోనే సిగరెట్టు లైటరు దగ్గర గుచ్చుకునే బుల్లి వాక్యూమ్. అరచేతిలో ఇమిడింది. ఆమె తన జేబురుమాలు బల్ల మీద పరిచి, "దీన్ని లేపమను" అంది. మిషను తేనెటీగలా రొద పెట్టింది గానీ రుమాలు అంచు మాత్రం కదిపి ఊరుకుంది. మూడోది ఈ పనికోసమే పుట్టింది. అదే నీళ్లు చిమ్ముతుంది, అదే పీలుస్తుంది. ఆమె కళ్లు దాని మీదే నిలిచిపోయాయి. ధర చీటీ తిప్పి చూసి, మెల్లిగా మళ్లీ బోర్లించింది.

ఒక మూలన బకెట్టుకు మూతపెట్టి చక్రాలు బిగించినట్టున్న మిషను కనిపించింది. ఎవరూ అడగనట్టుంది, దుమ్ము పట్టి ఉంది.

"అదేమిటి?"

"పొడిదీ తడిదీ రెండూ పీలుస్తుందమ్మా. వర్క్‌షాపుల వాళ్లు కొంటారు. అందం లేదని ఇళ్లకు ఎవరూ పట్టుకెళ్లరు."

"అందం కోసం ఇంట్లో మీ బాబాయి ఉన్నారు. రుమాలు లేపమను."

రుమాలు కనపడకుండా గొట్టంలోకి పోయింది. దాన్ని బయటికి తీసేసరికి కుర్రాడి తల ప్రాణం తోకకొచ్చింది. ఆమె అక్కడికక్కడే ఆ మిషను తీసుకుంది. సీట్ల మీద ఆనేలా వెడల్పాటి మూతి ఒకటి విడిగా కొనుక్కుంది. నీళ్లు పీల్చేటప్పుడు లోపలి కాగితం ఫిల్టరు తీసేసి స్పాంజి తొడగాలని ఆ కుర్రాడే దగ్గరుండి చూపించాడు.

ఇంటికొచ్చి ఊపిరి కూడా పీల్చుకోలేదు. బకెట్లో సబ్బుపొడి గిలక్కొట్టి, వెనక సీటు మీదా కింద కార్పెట్ మీదా చెంబులతో పోసింది. మిషను ఆన్ చేసింది. కాసేపు అది నీళ్లు గటగటా తాగింది. తర్వాత దాని గొంతు మారింది. సన్నగా కీచుమని, వెనకవైపు నుంచి తెల్లటి నురగ కక్కడం మొదలెట్టింది. ఆమె జుట్టు మీద నురగ, కళ్లజోడు మీద నురగ, గుమ్మం దాకా నురగ. కుట్టుమిషను ఆపి చూడ్డానికొచ్చిన దర్జీ గోడ పట్టుకుని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

మర్నాడు కారు తలుపు తీశాక నవ్వు రాలేదు. సీటు ఇంకా తడిగానే ఉంది. పాల వాసనకు ముక్కిన వాసన కూడా తోడైంది. ఆమె మెట్టు మీద కూలబడింది. "అనవసరంగా కొన్నానా?" అంది, ఎవరితోనూ కాదన్నట్టు.

దర్జీ లేచాడు. లోపలికెళ్లి ముక్కుకు లైనింగు గుడ్డ కట్టుకుని వచ్చాడు. వంగి సీటును బొటనవేలితో నొక్కాడు. గుడ్డ మీదికి నీళ్లు ఊరాయి.

"మిషను తప్పేం లేదు. నువ్వు పోసినదంతా సీటు లోపలి స్పాంజి తాగేసింది. కోటు మీద మరక పడిందని కోటును బావిలో వేస్తామా?"

"మరేం చెయ్యాలో చెప్పండి."

"ముందు ఈ నీళ్లు లాగు. ఆరనీ. తర్వాత చూద్దాం."

ఆ సీటు ఆరేదాకా ఆగారు. ఎండ చల్లబడ్డ ఒక సాయంత్రం ఆయన తన సరంజామా పట్టుకొచ్చాడు. ఇస్త్రీకి నీళ్లు చిలకరించే స్ప్రే సీసా, కోట్లు దులిపే మెత్తటి బ్రష్షు, నాలుగు తెల్లగుడ్డ ముక్కలు. సీటు కింద ఎవరికీ కనపడని మూల కొంచెం సబ్బునీళ్లు చిలకరించి తెల్లగుడ్డతో అద్దాడు. రంగు దిగలేదు.

"ఇక కానీ. గోరువెచ్చటి నీళ్లే. మరీ వేడైతే పాల మరక గుడ్డను కరుచుకుంటుంది."

"ఆవిరి మిషను కొనకపోవడం మంచిదైందన్నమాట!"

"కొని ఉంటే మరక మనతోపాటు ముసలిదయ్యేది."

ఆయన చిలకరించి బ్రష్షు వేస్తుంటే, ఆమె వెనకే వెడల్పు మూతి అదిమిపట్టి లాగింది. తర్వాత ఉత్త నీళ్లు చిలకరించి మళ్లీ లాగింది. జానెడు జానెడు చొప్పున. వెనక సీటు కింద కార్పెట్ అంచు పైకి లేపితే అసలు దొంగ దొరికాడు. పెచ్చులు కట్టి గట్టిపడిన పాల చార. ఆయన రెండడుగులు వెనక్కేసి, "అదుగో, నాకు కడుపులో తిప్పినవాడు!" అన్నాడు. ఆమె చెంచాతో గీకింది, వెనిగర్ కలిపిన నీళ్లు చిలకరించింది, మళ్లీ లాగింది. బకెట్ మూత తీసి చూస్తే లోపల చిక్కటి టీ రంగు నీళ్లు.

"ఇన్నాళ్లూ దీని మీదా నేను కూర్చున్నది!"

"పారబొయ్యకు. పక్కింటివాళ్లకు చూపిద్దాం" అన్నాడు ఆయన. వేళాకోళమో నిజమో ఆమెకు అర్థం కాలేదు గానీ, పక్కింటావిడను పిలిచి చూపించనే చూపించింది.

కిటికీలోంచి వైరు లాగి టేబులు ఫ్యాను పెట్టారు. నాలుగు తలుపులూ బార్లా తీసి ఉంచారు. పొద్దుగూకేదాకా ఇద్దరూ మెట్టు మీద కూర్చుని, దారినపోయేవాళ్లు అడిగితే "కారు ఆరేశాం" అని చెప్పారు.

ఆ తర్వాత మండుటెండలో ఒకరోజు ఆమె పనిగట్టుకుని అద్దాలన్నీ మూసి కారును బయట నిలిపింది. మధ్యాహ్నం తలుపు తీసి లోపలికి తల పెట్టింది. వేడి గుడ్డ వాసన తప్ప ఏమీ లేదు. ఆయన్ను పిలిచింది. ఆయన వెనక తలుపు తీసి, కుక్కపిల్లలా అన్ని మూలలూ వాసన చూసి, వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు.

"బట్టల మార్కెట్టుకు పోనీ. లైనింగు అయిపోయింది."

మార్కెట్టులో ఆయన తానులన్నీ తడిమి తడిమి ఎంచుకునేసరికి మధ్యాహ్నం గడిచిపోయింది. తిరుగుదారిలో, కిటికీ లోంచి తగిలే గాలికి ఆయన కునుకు తీశాడు. తల వాలి సీటుకు ఆనుకుంది. పక్కనుంచి లారీ హారను కొట్టినా కదల్లేదు.

ముందర గతుకుల రోడ్డుంది. ఆమె ఒకసారి ఆయన వంక చూసి, బండి పక్కదారికి తిప్పింది. ఆ దారి చుట్టూ తిరిగి వెళుతుంది గానీ నున్నగా ఉంటుంది.