చేటకి వేసిన సున్నా

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ అంటుంది. ఆ రోజు అది ఎర్ర పెన్నులోకి దిగింది.

పదో తరగతి స్లిప్ టెస్టులో, రెక్క విమానాన్ని ఎలా పైకి లేపుతుందని అడిగాను. నేను ఏళ్ల తరబడి డిక్టేట్ చేస్తున్న జవాబు ఒకటుంది. రెక్క పైభాగం వంపుగా ఉంటుంది, పై గాలికి దూరం ఎక్కువ, అయినా కింది గాలితో పాటే వెనక అంచుకి చేరాలి, అందుకని వేగంగా పోతుంది, పైన ఒత్తిడి తగ్గుతుంది. అందరూ అదే దింపేశారు. ఒక్క అమ్మాయి మాత్రం, చేటని గాలికి కాస్త ఏటవాలుగా పడితే అది గాలిని కిందికి తోస్తుంది, గాలి దాన్ని పైకి తోస్తుంది, రెక్కా అంతే అని రాసింది. నాకు ఒళ్లు మండింది. సున్నా వేసి, పక్కన "ఇది ఫిజిక్స్, వంటిల్లు కాదు" అని రాసి, క్లాసులో పైకి చదివాను కూడా. అందరూ నవ్వారు.

వారం తిరక్కుండా వాళ్లమ్మ దాళ్వా వరి ఊడ్పులు మానుకుని స్కూలుకొచ్చింది. ఇన్నాళ్లూ ఇంజినీరవుతానన్న పిల్ల ఇప్పుడు ఎంపీసీ వద్దంటోందట, సైన్సు తన బుర్రకెక్కదంటోందట. చూద్దాంలెండి అని పంపేశాను గానీ, మనసులో ముల్లు గుచ్చుకుంది.

ఆ ఆదివారం ధవళేశ్వరం బ్యారేజీ మీద బండి మీద వస్తున్నాం. వెనక మా ఆవిడ, ఒళ్లో సంతలో కొన్న కొత్త చేట. ఆ పిల్లదే తప్పని తేల్చేసుకుందామని, దాన్ని కాస్త వాల్చి పట్టుకోమన్నాను. చేట చేతుల్లోంచి లేచిపోబోయింది. ఆవిడ నా చొక్కా గుంజి పట్టుకుని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

ఇంటికెళ్లి పుస్తకాలు తిరగేశాను. పై గాలి వేగంగా పోయే మాట నిజమే. కింది గాలిని కలుసుకోవాలన్న రూలు మాత్రం ఎక్కడా లేదు, అది ముందే వెళ్లిపోతుంది. రెక్క గాలిని కిందికి మళ్లిస్తుంది, ఆ గాలి రెక్కని పైకి నెడుతుంది. ఆ పిల్ల రాసింది అదే. ఓరి నాయనో, ఎన్ని బ్యాచీలకి తప్పు చెప్పానో!

సోమవారం క్లాసులో తప్పు నాదని చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. పేపరు అడిగి తీసుకుని సున్నా కొట్టేసి పూర్తి మార్కులు వేశాను. ఆ పిల్ల దాన్ని కాసేపు చూసి, "అయితే నాకు సైన్సు వచ్చినట్టేనా మాస్టారూ?" అంది.

"నాకు రానప్పుడే నీకు వచ్చిందమ్మా" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం వాళ్లమ్మ ఫోన్ చేసి, ఎంపీసీయే తీసుకుంటానంటోందండి అంది. అప్పుడు గానీ నాకు ముద్ద దిగలేదు.