పడవ దిగగానే ఊపిరి తనిఖీ

ఈ ఉదయం విడవలూరు దగ్గర సముద్రం ఒడ్డుకు చేపల కోసం వెళ్లాను. అక్కడ చేపలమ్మే మంగమ్మ, ఏడో నెల కడుపుతో ఉంది, పడవ దిగిన మొగుణ్ని ఏం చేపలు పడ్డాయని కూడా అడగకుండా "ఊదు మావా" అంది. బీడీ వాసన లేదు.

"ఇప్పుడు నువ్వు ఊదు. చుట్ట ముట్టలేదు గదా?" అన్నాడతను. ఆమె కూడా ఊదింది. పుట్టబోయే బిడ్డ కోసం ఇద్దరూ ఒకేరోజు మానేశారట.

పొగ తాగే ఆడవాళ్లకే నీతులు చెప్పే మగలోకాన్ని ఇరవై ఏళ్లుగా తిడుతూ రాస్తున్నాను. ఇంత సమానత్వం నా ఒక్క వ్యాసమూ తేలేదు! ఆ సంబరంలో సిగరెట్టు తీశాను.

"దూరంగా పొయ్యి తాగన్నా, కడుపులో బిడ్డుండాది" అంది మంగమ్మ.

నేను దూరంగా పోయి తాగాను.

ఇంటికొచ్చి వాళ్లను తెగ మెచ్చుకుంటూ ఇదంతా చెబితే, మా ఆవిడ "ఏదీ, మీరూ ఊదండి" అంది. ఏం చెయ్యమంటారు?